కడగని పంజరం

నాన్న రెండో పెళ్ళితో పెద్దమ్మాయి గదిలోకి ఇంకో మంచం వచ్చింది. మంచంతో పాటు పిన్ని కూతురూ, ఆ పిల్ల వెంట చెప్పుల పెట్టెలో రెండు గోధుమరంగు ఎలుకలూ వచ్చాయి. కిటికీ పక్క పంజరంలో పెద్దమ్మాయి పెంచుకునే తెల్ల ఎలుకలు అప్పటికే మూడున్నాయి. వాటిలో పెత్తనమంతా దొరసాని అనే ఎలుకది.

“ఉన్న పంజరంలోనే సర్దండి. పొసగకపోతే చిన్నదీ దాని ఎలుకలూ హాల్లోకి మారతాయి,” అన్నాడు నాన్న.

“స్నానాల తొట్టిలో కలిపితే బాగానే ఉన్నాయి కదక్కా,” అంది చిన్నది.

“ఎవరికే అక్కని? మా అమ్మ నన్నొక్కదాన్నే కంది.”

ఎలుకలమ్మే కొట్టాయన మరీ మరీ చెప్పాడు: “పంజరం వేణ్ణీళ్ళతో కడిగి కొత్త కాగితం ముక్కలు పరవండి. పాత వాసనుంటే అది పాతవాళ్ళ ఇల్లు. లేకపోతే అందరిల్లు.”

కడిగే పని పెద్దమ్మాయి తనే తీసుకుంది. బయటి ఊచలు తళతళలాడేలా తుడిచింది. లోపల తడిగుడ్డయినా తగలనివ్వలేదు. పాత ముక్కల మీదే కొత్తవి పలచగా కప్పింది. ఒక్క పోట్లాట చాలు, గది మళ్ళీ తనదే.

“కడిగావా అక్కా?”

“అద్దంలా ఉంటే కనబడట్లా?”

చిన్నది తన ఎలుకల్ని లోపలికి వదిలింది. దొరసాని ఒళ్ళు ఉబ్బించి, తోక టపటప కొట్టి మీద పడింది. కీచుమన్న గోధుమ ఎలుక చెవి సగం చినిగింది. చిన్నది చెయ్యి పెట్టి రెండింటినీ తీసుకుంటుంటే దొరసాని వేలు కూడా కొరికింది. ఆ పిల్ల ఏడవలేదు. నెత్తురు కారే వేలితోనే పైముక్కలు జరిపి, అడుగువి పిడికెడు తీసి వాసన చూసింది.

“ఏమైందర్రా?” నాన్న తలుపు దగ్గర.

“ఏం లేదు. ఇంకోసారి చూస్తాం,” అంది చిన్నది. ఆయన వెళ్ళాక పెద్దమ్మాయి వైపు తిరిగింది. “కాస్త జరుగుతారా? మందు సీసా మీ వెనకుంది.”

“మీరేంటే, కొత్తగా?”

“పరాయివాళ్ళని అలాగే పిలవాలని మా అమ్మ చెప్పింది.”

కోరుకున్నదే అయినా పెద్దమ్మాయికి చెంప మీద కొట్టినట్టయింది. తెల్లవాటిని బకెట్‌లోకి మార్చి, పంజరం కుళాయి కింద పెట్టి చేతులు ఎర్రబడేలా తోమింది. నీళ్ళు కారుతుండగానే తెచ్చి ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టింది.

“చూడవే!”

చిన్నది తీరిగ్గా వాసన చూసింది.

“మూలల్లో ఇంకా ఉందండీ.”

పెద్దమ్మాయి పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కుళాయి తిప్పింది.