తనిఖీ రోజు గాలి

మా ఆఫీసు హాల్లో నలభై మంది పొద్దస్తమానం ఫోన్లలో మాట్లాడతారు. కిటికీలు తెరుచుకోవు. ఏసీ పనంతా నాది. బయటి గాలి లోపలికొచ్చే గొట్టానికి నాలుగేళ్ల కిందట నేనే అట్టముక్క అడ్డంపెట్టి టేపు వేశాను. వేడి రాకపోతే హాలు గబగబా చల్లబడుతుంది. మేనేజరు భుజం తట్టాడు. నేనూ పొంగిపోయాను, దాచడమెందుకు!

చెల్లిని అక్కడ ఉద్యోగంలో పెట్టించిందీ నేనే. ఆర్నెల్లు తిరక్కుండానే దగ్గు పట్టుకుంది. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి ఆయాసం.

"ఈ హాల్లో గాలి నాకు పడట్లేదేమో అన్నయ్యా."

"అందరికీ పడింది, నీకొక్కదానికే పడలేదా? మహా సుకుమారివి!" అని కసిరాను. ఫోన్లో మాట మధ్య దగ్గుతోందని ఈ నెల తనకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఇంకోటి వస్తే ఇంటికే.

సోమవారం గాలి కొలిచేవాళ్లు వచ్చారు. ఏటా చేసేదే కాబట్టి మేనేజరు నోరు విప్పకుండానే, పొద్దున్నే వెళ్లి అట్ట తీసేశాను. అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి.

సాయంత్రం చెల్లి మెట్ల దగ్గర ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అన్నయ్యా, ఇవాళ ఒక్కసారి కూడా దగ్గలేదు తెలుసా! డాక్టరుగారి కొత్త మందు పట్టేసింది."

అది మందు మహిమ కాదు, పొద్దున తీసిన అట్టదని నాకు అర్థమైంది. "సరే పద, బస్సు పోతుంది" అన్నాను. తను వెళ్లాక పైకెక్కి అట్ట మళ్లీ బిగించాను. మేనేజరంటే భయం. అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మంగళవారం పదకొండింటికి హాల్లోంచి ఆగని దగ్గు. పరుగెత్తాను. చెల్లి మందు గొట్టం నోట్లో పెట్టుకుని మూడోసారి పీలుస్తోంది. కళ్లనిండా నీళ్లు.

"నిన్న పనిచేసింది కదా! లోపం నాలోనే ఉందన్నయ్యా. వీళ్లు నన్ను పంపించేస్తారు."

ఇక నావల్ల కాలేదు. అందరూ చూస్తుండగా నిచ్చెన వేసి, సీలింగు పలక తప్పించి, అట్ట పీకేశాను. దుమ్ముతో సహా తన బల్లమీద పెట్టాను.

"నీలో ఏ లోపమూ లేదమ్మా. బయటి గాలి రాకుండా దీన్ని నేనే పెట్టాను. నలభై మంది వదిలిన ఊపిరే తిరిగి పీలుస్తున్నారు. తనిఖీ కోసం నిన్నొక్కరోజు తీశాను."

మేనేజరు గదిలోంచి అరుస్తూ వస్తున్నాడు. చెల్లి అటు చూడలేదు.

"నిన్న మళ్లీ ఎప్పుడు పెట్టావు? నాకు బాగుందని చెప్పకముందా, చెప్పాకా?"

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు.

"చెప్పాకే" అన్నాను.