బ్రేకు డ్రమ్ములో పిట్ట

మంచులో ఎక్కడో పిట్ట ఒకటి అరుస్తోంది.

సన్నగా... ఇనుము మీద ఇనుము గీసినట్టు.

షెడ్డు తలుపు సగం తెరిచి విన్నాను. ఆగింది. మళ్లీ అరిచింది.

అక్క ఉంటే నవ్వేది. "మీ బావ బండిలో పిట్టని పెంచుతున్నాడే. బ్రేకు నొక్కితే చాలు, పలుకుతుంది" అనేది.

అక్క లేదు. పోయిన చలికాలంలోనే పోయింది.

బండి మాత్రం ఉంది. నా షెడ్డు మధ్యలో, చక్రాలు నేలకి తాకకుండా, చెక్క దిమ్మల మీద.

నాన్న నుంచి నాకు వచ్చినవి ఈ షెడ్డు, ఈ పానాలు, ఈ పని. అందుకే బావ బండిని నా దగ్గరికే తెచ్చాడు. ఏడాదిగా పెరట్లో పట్టా కింద పడి ఉన్న బండి. చలి తగ్గగానే ఆయనకి మళ్లీ పెళ్లి.

"కొత్తదానిలా కనపడాలి మరదలా. పాత మచ్చలేవీ ఉండకూడదు. నువ్వైతే ఇంటి మనిషివి" అన్నాడు.

నా టీ తాగుతూ అన్నాడు. కప్పు కింద పెడుతూ, పంచదార తక్కువైందని కూడా అన్నాడు.

పల్లం దిగుతుంటే మలుపులో కుక్క అడ్డొచ్చిందని చెప్పాడు, అక్క పోయిన రోజు. మంచులో కనపడలేదని చెప్పాడు. ఆయనకి మోచెయ్యి గీరుకుంది. వెనక కూర్చున్న అక్క తల కల్వర్టు గోడకి తగిలింది.

అందరం కుక్కని తిట్టాం. మంచుని తిట్టాం. ఊరంతా కలిసి ఒక కుక్కని తిట్టింది.

ఏడుస్తున్న ఆయనకి మంచినీళ్లు నేనే తాగించాను.

కొత్తది కొనేముందు పాతదాని మొహం చూడమనేవాడు నాన్న. ఎలా చచ్చిందో అదే చెబుతుందట. అందుకే నేను ఏ బండి విప్పినా ముందు దుప్పటి పరుస్తాను. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే దాని మీద పెడతాను. అన్నీ చూశాకే కొట్టుకి వెళతాను.

గొలుసు — సాగిపోయింది. క్లచ్ వైరు — పోగులు పోయింది. లైటు అద్దం — పగిలింది. ఇవన్నీ మామూలు చావులే.

తర్వాత వెనక చక్రం విప్పాను. డ్రమ్ము మూత తీశాను.

బ్రేకు షూల మీద పట్టు లేదు. పైపొర మొత్తం అరిగి, ఉత్త ఇనుము. ఆ ఇనుము డ్రమ్ముని లోపల గుండ్రంగా కోసేసింది, నాగలితో చాలు తీసినట్టు. ఒక్కరోజు కోత కాదు. నెలల కోత.

పిట్ట ఇక్కడే ఉండేది.

అరిచి అరిచి చెప్పింది. చలికి బ్రేకులు అలాగే అరుస్తాయిలే అన్నాడట బావ.

అక్క ఊరుకోలేదు. పోయే ముందు ఒకసారి ఇదే గుమ్మంలో నిలబడి, డబ్బు చేతిలో పెట్టి కొత్త షూలు ఒక జత ఇమ్మంది. బండి తీసుకురా, నేనే బిగిస్తానన్నాను. "వద్దులే, ఆయన వేసుకుంటానన్నారు. నువ్వు బిగిస్తే నామోషీ అట" అని పొట్లం పట్టుకెళ్లింది.

ఆ పొట్లం సీటు కింద సామాను పెట్టెలో దొరికింది.

విప్పలేదు. పొట్లం చుట్టూ అక్క జడకి కట్టుకునే ఎర్ర దారం. రెండు ముళ్లు. అక్క దేనికైనా రెండు ముళ్లు వేసేది. ఒక్క ముడి మీద నమ్మకం లేదు దానికి.

కొత్తవి అక్క కూర్చున్న సీటు కిందే ఉన్నాయి.

వాటి మీదే కూర్చుని పోయింది.

నేను ఏడవలేదు. దుప్పటి మీద ఖాళీ జాగా చూసి, పొట్లాన్ని వరసలో పెట్టాను. చేతులు తుడుచుకున్నాను.

కొట్టుకి వెళ్లాను.

సామాన్ల కొట్టాయన నాన్న స్నేహితుడు. మావయ్యా అంటాను. నేను ఏరుతుంటే కళ్లద్దాల పైనుంచి చూశాడు. పిస్టన్ మేలురకం. రింగులు మేలురకం. గొలుసు, కార్బురేటరు, అన్నీ మేలురకం.

బావ మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి అని నవ్వాడు.

"పెళ్లికొడుకు బండి కదా మావయ్యా" అన్నాను.

బండి ఎంత బాగా పరిగెత్తితే అంత మంచిది. పల్లంలో గాలిలా దిగాలి. ఆగే సంగతి నేను చూసుకుంటాను.

"మరి బ్రేకులో?" అన్నాడు.

ఉన్నాయన్నాను.

అబద్ధం కాదు. రెండు జతలున్నాయి.

పాత జతే బిగించాను. చక్రం తిప్పి నొక్కి చూస్తే పిట్ట పలికింది. అంచులకి గ్రీజు పూశాను. మళ్లీ నొక్కాను. పలకలేదు. గొంతు నొక్కేశాను.

చక్రం పుల్లలన్నీ మెరిసేలా తుడిచాను. బయట మంచు... లోపల నేను. చాలాకాలం తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

మర్నాడు ఆమె వచ్చింది. బావ చేసుకోబోయే మనిషి.

బట్టలు కుడుతుంది. మెడలో టేపు వేలాడుతోంది. బండి సీటుకి కొత్త తొడుగు కుడతానని బావకి మాటిచ్చిందట, కొలతలకి వచ్చింది. కొలిచింది. నోట్లో గుండుసూది పెట్టుకునే అలవాటు కాబోలు, పెదవులు బిగించే మాట్లాడుతోంది.

కొలవడం అయ్యాక ఒకసారి ఎక్కి చూడనా అని అడిగింది. వెనక, ఒక పక్కకి కూర్చుంది. కుడిచెయ్యి పట్టు కోసం సీటు అంచు వెంబడి వెతికింది.

అక్క చెయ్యి వెతికిన చోటే.

"పట్టుకోడానికి ఇక్కడ ఏదైనా పెట్టిస్తారా అక్కా? నాకు బండంటే భయం."

అక్కా.

ఆ మాట ఈ షెడ్డులో ఎప్పుడూ నేనే అనేదాన్ని. నన్ను ఎవరూ అనలేదు.

నా పగకి కూడా వెనక సీటు ఉందని అప్పుడు కనపడింది నాకు.

ఆమె వెళ్లగానే చక్రం మళ్లీ ఊడదీశాను. గ్రీజు కడిగాను. లోపల కోసుకుపోయిన ఆ డ్రమ్ముని తీసేసి వేరేది వేశాను. ఎర్ర దారం ముళ్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. కొయ్యబుద్ధి కాలేదు. అక్క కొనుక్కున్న షూలు అక్క అనుకున్నచోట బిగించాను.

క్షమించానని ఎవరూ అనుకోవద్దు.

మళ్లీ కొట్టుకి వెళ్లి ఒంటి సీటు అడిగాను. ఒక్కరే కూర్చునేది. మావయ్య కళ్లద్దాలు తీసేశాడు.

"కొత్త పెళ్లికొడుక్కి ఒంటి సీటేంటమ్మా?"

"ఆయనకి అదే సరిపోతుంది" అన్నాను.

వెనక కాళ్లు పెట్టుకునే కడ్డీలు కోసేశాను. అవి ఉన్న చోట మళ్లీ ఎవరూ బిగించలేకుండా వెల్డింగు చేశాను. ఎక్కడా మచ్చ లేకుండా రంగు వేశాను. మచ్చలుండకూడదన్నాడు కదా.

పొద్దున్నే వచ్చాడు. ఆమెని కూడా తీసుకొచ్చాడు. ఆమె చేతుల మీద మడతపెట్టిన తొడుగు. ఇద్దరికి సరిపడా కుట్టింది.

బావ బండి చుట్టూ తిరిగాడు. నవ్వుతూ మొదలుపెట్టిన చుట్టు నవ్వు లేకుండా ముగిసింది.

"ఇదేంటి మరదలా... వెనక సీటేది?"

అరిగిన షూలు రెండూ ఎర్ర దారంతో కట్టి ఉంచాను. రెండు ముళ్లు. వాటిని ఆమె చేతుల్లో, ఆ తొడుగు మీద పెట్టాను.

"ఇవి ఆ రోజు బండిలో ఉన్నవి. కొత్తవి అక్క కొనిచ్చింది. సీటు కింద పొట్లంలో అలాగే ఉన్నాయి."

బట్ట నాణ్యం చూసినట్టు ఆమె బొటనవేలు ఇనుము మీద నడిచింది. ఈ చివర నుంచి ఆ చివరకి. తర్వాత బావని చూసింది.

"కుక్క ఏ రంగుది?"

అంతే అడిగింది.

మంచులో రంగు ఎవరికి కనపడుతుంది అన్నాడు. అన్నాక నన్ను చూశాడు. నేను పానాలు సర్దుకుంటున్నాను. పద, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం అన్నాడు ఆమెతో. అని, బండి వైపు చూసి ఆగిపోయాడు.

ఎక్కడ ఎక్కించుకుంటాడు?

ఒక్కడే ఎక్కాడు. ఒక్క తన్నుకే బండి అందుకుంది. ఎంత బాగా అందుకుందో... నా చేతిపని అంత బాగా కుదిరినందుకు పళ్లు కొరుక్కున్నాను.

పల్లంలోకి దిగాడు. మంచు మూసుకుంది.

మలుపు దగ్గర బ్రేకు నొక్కి ఉంటాడు. చెవి రిక్కించి విన్నాను.

ఏమీ అరవలేదు. బండి నెమ్మదించింది, తిరిగింది, వెళ్లిపోయింది.

బతికే వెళ్లాడు.

ఆమె గుమ్మంలోనే ఉంది. లోపలికి రాలేదు. ఇంటికీ పోలేదు. చేతుల మీద ఇద్దరి తొడుగు, దాని మీద ఎర్ర దారం.

అప్పుడు మంచులో ఎక్కడో పిట్ట ఒకటి —

సన్నగా... ఇనుము మీద ఇనుము గీసినట్టు —

ఇద్దరం ఒక్కసారే తలలు తిప్పాం.