ఓల్షినా జనాభా

బిస్త్రా పంచాయతీ ఆఫీసు ఏడున్నరకి తెరుస్తారు. గుమాస్తా ద్రాహోమీరా కుబాతోవా మాత్రం ఏడింటికే వచ్చి, కోటు తగిలించి, కిటికీ రెక్క తీసి ఓల్షినా వైపు చూస్తుంది. పొగలు తూర్పుకి వాలితే బట్టలు ఆరేసుకోవచ్చు. పడమటికి వాలితే మధ్యాహ్నానికి వాన. నిటారుగా లేస్తే రాత్రికి మంచు పట్టడం ఖాయం. ఊళ్లో ఆడవాళ్లు రేడియోలో చెప్పే వాతావరణం కంటే ఆ పొగల్నే నమ్ముతారు.

ఓల్షినాలో ఇళ్లు లేవు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చెక్ దేశంలో జర్మన్లు ఉండకూడదని, అక్కడి జర్మన్ వాళ్లందర్నీ తలా ఒక మూటతో రైలెక్కించి సరిహద్దు దాటించేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకి, సరిహద్దు దగ్గర ఖాళీ ఇళ్లు ఉండకూడదని సైనికులొచ్చి అన్నీ కూల్చేశారు. ఇప్పుడక్కడున్నది గడ్డి, నాలుగు ఆల్డర్ చెట్లు, నోట్లో పోసుకుంటే ఇనుము రుచి తగిలే ఒక ఊట. అయినా రోజూ తెల్లారేసరికి ఆ గడ్డిలోంచి తొమ్మిది పొగలు లేస్తాయి. వంట వేళకి చిక్కబడతాయి. శనివారాలు రొట్టె కాలే వాసన బిస్త్రా చర్చి దాకా వస్తుంది. ఆవుల్ని తోలుకెళ్లేవాళ్లు పొయ్యిలున్న చోట్లు తప్పించి పక్కనుంచి పోతారు. ఎవరింట్లోంచైనా అలా నడుచుకుంటూ పోతారా మరి.

ఆ ఏడు జిల్లా కార్యాలయాలు ఎత్తేశారు. యాభై ఏళ్ల కాగితాలు అట్టపెట్టెల్లో ఏ ఊరివి ఆ ఊరికి తిరిగొచ్చాయి. వాటి వెనకే పైనుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది. మనుషులు లేని శివారు పల్లెల్ని గ్రామాల జాబితాలోంచి తీసెయ్యాలి, పంచాయతీలు ప్రతిపాదన పంపాలి.

పంచాయతీ పెద్ద హినెక్ ష్కార్దా ఉత్తరం చదివి చేతులు రుద్దుకున్నాడు. అతనూ ద్రాహోమీరా ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్లు.

"ద్రాహా, ఓల్షినా రాసెయ్. జనాభా సున్నా. పల్లె కాకపోతే అది ఉత్త పచ్చిక. లాజ్నే పట్నంలో వైద్య స్నానాలకొచ్చేవాళ్లకి గోల్ఫ్ మైదానం కావాలట. మన కుర్రాళ్లకి పనులు దొరుకుతాయి."

"మరి ఆ పొగలో?"

"పొగలు వోటేస్తాయా? పన్ను కడతాయా? రాయవే తల్లీ."

ద్రాహోమీరా రాసింది. ప్రతి ఏడూ ఓల్షినా గడిలో సున్నా వేసేది ఆమే, చెయ్యి అలవాటు పడిపోయింది. హినెక్ సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున కిటికీ తీస్తే ఎనిమిది పొగలే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి హెడ్వికా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. అరవై రెండేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లు లాజ్నే స్నానశాలల్లో రోగుల నడుములకి వేడి నల్లమట్టి పట్టీలు వేసి వేసి ఆమె చేతులు ఇప్పటికీ ఎర్రగానే ఉంటాయి. వంటింట్లో ఓల్షినా వైపున్న కిటికీకి ద్రాహోమీరా పుట్టకముందు నుంచీ మందపాటి తెర ఉంది. ఆ తెర తీయగా ఎవరూ చూడలేదు. హెడ్వికా ఆ వైపుకి వీపు పెట్టే కూర్చుంటుంది.

"ఒకటి పోయింది కదూ," అంది తలెత్తకుండా.

"నీకెలా తెలుసు?"

"వీపుకి చలి తెలీదా? చివరింటి వాళ్లది. తొమ్మిదో నంబరు."

ఆమె మరో దుంప అందుకుంది. అమ్మని బిస్త్రాలో ఒక చెక్ దంపతులు పెంచుకున్నారని, అంతకు ముందు ఆమె ఓల్షినా పిల్ల అని ఊరంతా ఎరుగుదురు. ఆ మాట ఆ ఇంట్లో మాత్రం ఎవరూ ఎత్తరు.

ఫైలు ఒక్కో బల్ల దాటిన కొద్దీ ఇక్కడ ఒక్కో పొగ ఆరిపోతూ వచ్చింది. ఆరిన చోట గడ్డి మీద అడుగేస్తే జూన్ నెలలో కూడా పాదాలు జివ్వుమనేవి. ఆవులు అటు పోనని మొరాయించాయి. శనివారం రొట్టె వాసన పలచబడింది. ఆడవాళ్లు ఆరేసిన బట్టలు వానకి తడిసిపోతే హినెక్‌ని దారికాచి తిట్టారు. అతను తల వంచుకుని ట్రాక్టరెక్కి పోయాడు.

మూడు పొగలు మిగిలిన రోజున ద్రాహోమీరా మనసుండబట్టక అట్టపెట్టెలు విప్పింది. అడుగున సైనికుల నాటి కూల్చివేత పట్టిక దొరికింది. ఒకటి నుంచి అయిదు దాకా ఇంటి నంబర్లు, ఒక్కోదాని పక్కన "కూల్చడమైనది, నంబరు రద్దు" అని ముద్ర. ఏడు, ఎనిమిది, తొమ్మిది కూడా అంతే. ఆరు పక్కన ముద్ర లేదు. పెన్సిలుతో ఎవరో గుమాస్తా రాసిన ముక్క ఉంది: "పొయ్యిలో నిప్పు ఉన్నది. ఎన్నిసార్లు ఆర్పినా రాజుకొనుచున్నది. నంబరు రద్దు చేయలేదు."

గోడలు తర్వాతెప్పుడో పడిపోయి ఉంటాయి. కాగితం మీద మాత్రం ఓల్షినా ఆరో నంబరు ఇల్లు ఇంకా నిలబడే ఉంది.

సోమవారం పైనుంచి తనిఖీకి బ్రెజీనా అనే అధికారి వచ్చాడు. మోకాళ్ల దాకా బూట్లు, చంకలో ఫైలు. పచ్చికంతా నడిచాడు. అప్పటికి రెండే పొగలున్నాయి. రెండూ లెక్కపెట్టుకుని, పట్టిక రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"కుబాతోవా గారూ, ఫారంలో పొగకి గడి లేదు. ఉంటే నేనే నింపేవాణ్ణి. ఇంటి నంబరు బతికే ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇల్లుంటే సరిపోదు. అందులో శాశ్వత నివాసం రాయించుకున్న మనిషి ఒక్కరైనా ఉండాలి."

"ఎవరు రాయించుకోవచ్చు?"

"హక్కున్నవాళ్లు. ఆ ఇంటివాళ్లు. శుక్రవారం దాకా ఫైలు నా సంచీలోనే ఉంటుంది. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

మధ్యాహ్నమే ద్రాహోమీరా ఇంటికెళ్లి పట్టిక నకలు, చారుకి దుంపలు తరుగుతున్న తల్లి ముందు పెట్టింది.

"అమ్మా, మీది ఎన్నో నంబరు?"

హెడ్వికా చూడలేదు. "తీసెయ్ అది. చారు పడుతుంది."

"ఆరా?"

"ఏదైతేనేం? నేను బతికున్నానో చచ్చానో చూడకుండా రైలెక్కిన వాళ్ల ఇల్లు ఏ నంబరైతే నాకేం?" ఆమె గొంతు పెరిగింది. "నాకు అయిదేళ్లు. ఒళ్లు కాలిపోయే జ్వరం. లాజ్నే ఆసుపత్రిలో పడుకోబెట్టి, రేపొస్తానంది మా అమ్మ. ఆ రేపు ఇంకా రాలేదు. వాళ్ల పొగ నేను చూడాలా? నువ్వు పోయి చూసుకో."

"చూశానమ్మా. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. మిగతా ఇళ్లవి వంట వేళలకే లేస్తాయి, రాత్రిళ్లు ఉండవు. ఆరో నంబరుది ఒక్కటే ఆగదు. జూలైలో ఎండ మాడిపోతున్నా, నడిరాత్రయినా ఆగదు. ఆ ఇంటిదానికి కట్టెల విలువ తెలీదని ఊరంతా నవ్వుతారు. నీకెవరూ చెప్పలేదా?"

హెడ్వికా చేతిలో కత్తి ఆగింది.

"ఆగదా?"

"ఆగదు."

ఆమె కత్తి కింద పెట్టి, ఎర్రటి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, అసలు కూతురితో కాదన్నట్టు, మెల్లగా అంది. "ఇంట్లో జ్వరప్పిల్ల ఉంటేనే పొయ్యి ఆర్పరు. ఏ వేళకి పిల్ల లేచినా గది వెచ్చగా ఉండాలని. మా అమ్మ అలాగే..." లేచి, తెర పట్టుకుని లాగింది. ముప్ఫై తొమ్మిదేళ్ల దుమ్ము వంటిల్లంతా లేచింది. దూరంగా పచ్చిక మీద ఇక ఒకే ఒక్క పొగ ఉంది, సన్నగా, వాలకుండా.

హెడ్వికా చెప్పులు కూడా మార్చుకోకుండా బయల్దేరింది. ద్రాహోమీరా వెనకే వెళ్లి కంచె దగ్గర ఆగిపోయింది. తల్లి గడ్డిలో నడుస్తూ, ఒకచోట గుమ్మం దాటినట్టు కాలెత్తి వేసింది. ఎడమకి తిరిగి మంచమంత జాగాలో కూర్చుంది. పొగ ఆమె మీదకి వంగింది. సాయంత్రం దాకా ఆమె అక్కణ్ణుంచి లేవలేదు.

శుక్రవారం ఆఫీసు తెరవగానే గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, "ఓల్షినా, ఆరో నంబరు. రాయి," అంది హెడ్వికా.

హినెక్ పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "అత్తా! ఇదేం పని? అక్కడ కప్పు లేదు!"

"నీ నడుం పట్టేసినప్పుడు మట్టి పట్టీ వేసింది ఎవర్రా?"

"నువ్వే."

"అయితే నోరు మూసుకుని సంతకం పెట్టు."

అతను పెట్టాడు. ఆరిపోయిన ఎనిమిది పొగలు మళ్లీ లేవలేదు. ఆ సంగతి హినెక్ ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు, గోల్ఫ్ మాట కూడా ఎత్తలేదు. బ్రెజీనా ఫారంలో ఓల్షినా ఎదుట సున్నా కొట్టేసి ఒకటి వేశాడు. ఆగస్టులో కొత్త గ్రామాల జాబితా అచ్చయింది.

సెప్టెంబరులో ఒక ముసలాయన ఆఫీసుకొచ్చాడు. సరిహద్దు అవతల జర్మనీలోని బవేరియా నంబరున్న కారు, చేతిలో టోపీ, తడబడే చెక్ భాష. పేరు వెండెలిన్ లోరెంజ్ అన్నాడు.

"మా ఊరు ప్రతి జాబితాలోనూ సున్నా అని ఉండేది. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఈసారి ఒకటి అనుంది." ఆయన టోపీ అంచు తిప్పుతున్నాడు. "అచ్చుతప్పేమో అనుకున్నాను. మీరు చెబితే వెళ్లిపోతాను."

"ఆరో నంబరింట్లో మీకు చెల్లెలుండేదా?"

"ఉండేది. రైలు కదలబోతుంటే ఎవరో వచ్చి ఆసుపత్రిలో పోయిందన్నారు. మా నాన్న నమ్మాడు. అమ్మ నమ్మలేదు. రైల్లోంచి దూకబోతే ఇద్దరు పట్టుకున్నారు."

ద్రాహోమీరా రిజిస్టరు ఆయన వైపు తిప్పింది. పేరు, పుట్టిన తేదీ చదివి, ఆయన ఆ ఒక్క వరుస మీద అరచెయ్యి పెట్టి అలా నిలబడిపోయాడు.

ఆ మధ్యాహ్నమే వాళ్లు ముగ్గురూ సరిహద్దు దాటారు. హెడ్వికాకి పెట్టె సర్దుకునే తీరిక కూడా ఇవ్వలేదు అన్న. "అమ్మకి తొంభై ఒకటి," అన్నాడు కారు నడుపుతూ. "నన్నే గుర్తుపట్టదు. ఆశ పెట్టుకోకు." గంట ప్రయాణం. అంతే దూరం.

వృద్ధుల ఆశ్రమంలో, మేడ మీద చివరి గదిలో, మంచానికి ఆనుకుని పిడికెడంత మనిషి కూర్చుని ఉంది. కొడుకు పలకరిస్తే చూడలేదు. హెడ్వికా గుమ్మంలోనే ఆగిపోయింది, అయిదో ఏట మర్చిపోయిన భాషలో ఒక్క ముక్కా నోటికి రాలేదు. ముసలామె తల తిప్పి చూసింది. కాసేపు చూసి, రమ్మని వేలితో సైగ చేసింది. హెడ్వికా వెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

ముసలామె ఎముకల చెయ్యి చాచి కూతురి నుదుటి మీద పెట్టింది. చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపుతో కూడా చూసింది. తర్వాత కొడుకుతో, ఎన్నో ఏళ్లుగా మాట్లాడని గొంతుతో అంది.

"జ్వరం తగ్గిందిరా. ఇంక నేను కాసేపు పడుకుంటాను."