మధ్యాహ్నపు కూత

తెల్లవారకముందే లోకల్ రైలెక్కి కలకత్తా వచ్చి ఇళ్ళలో పనిచేసే మాకు, పొద్దుటి పనులకీ సాయంత్రం పనులకీ నడుమ కాస్త తీరిక దొరుకుతుంది. ఆ వేళ మిత్ర వీధి పార్కులో కూర్చుని మరమరాలు తినేవాళ్ళం. ఒకరోజు పుతుల్ దీదీ లేచి చెప్పు మొనతో మట్టిలో గీత గీసింది.

"ఎంతసేపని నడుములు పట్టుకుని మూలుగుతారే? లేవండి, చెడుగుడు ఆడదాం" అంది.

పెళ్ళికి ముందు వాళ్ళ ఊరి జట్టులో ఆడిందట. నలభై దాటిన మనిషి కూత పట్టి మీదికి వస్తుంటే నేను వెనక్కి వెనక్కి జరిగిపోయాను. కొద్దిరోజుల్లోనే రెండు జట్లయ్యాం. నా మోకాలి నొప్పి పోలేదు గాని, ఆడినంతసేపూ దాని ఊసే గుర్తుండేది కాదు.

పార్కు సంఘం కార్యదర్శి దత్తగుప్త బాబు. పుతుల్ వంట చేసేది వాళ్ళింట్లోనే. పనివాళ్ళు ఇక్కడ కూర్చోరాదు, ఆడరాదు అని ఆయన బోర్డు పెట్టించాడు. మధ్యాహ్నం గేటుకి తాళం వేయించాడు.

"నన్నేం చెయ్యమంటావు దీదీ, బాబుగారి మాట" అన్నాడు కాపలా నిమాయి.

"నిన్నేమీ చెయ్యమనలేదు. అటు తిరిగి నిలబడు."

పుతుల్ చీర ఎగదోపి ఇనుప కంచె ఎక్కింది. కొంగు ఊచకు పట్టుకుని చిరిగింది. చిరిగితే చిరగనీ అని దూకేసింది. వెనకే మేమూ దూకాం. షెఫాలీ పైన ఇరుక్కుపోయి తిట్లు లంకించుకుంటే, నిమాయే భుజం ఆనించి దించాడు.

ఆట మధ్యలో బాబు వచ్చాడు, లుంగీతోనే, నిద్ర చెడిన మొహంతో.

"ఇది మర్యాదస్తులు వ్యాయామం చేసుకునే చోటు. బయటికి నడవండి."

"మాదీ వ్యాయామమే బాబూ" అంది పుతుల్. "పొద్దున్నే మీరంతా గుండ్రంగా నిలబడి చప్పట్లు కొట్టి నవ్వుతారే, దానికంటే మా గోల తక్కువే."

షెఫాలీ కిసుక్కుమంది. బాబు మొహం కందిపోయింది.

"రేపట్నుంచి నువ్వు మా ఇంటికి రానక్కర్లేదు."

పుతుల్ కూతురి నర్సు చదువు నడిచేది ఆ ఇంటి జీతంతోనే. పుతుల్ చేతుల దుమ్ము దులుపుకుంది.

"అలాగే, మీ ఇంటికి రాను. పార్కుకి మాత్రం వస్తాను. ఇది మీ ఇల్లు కాదు గదా. కాస్త పక్కకి జరగండి బాబూ, గీత మీద నిలబడ్డారు."

ఆయన జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదనుకుంటాను.

వంటకి రమ్మని వాళ్ళావిడ మాలో చాలామందిని అడిగింది. ఎవరం వెళ్ళలేదు. పుతుల్‌కి చాన్నాళ్ళు పని దొరకలేదు. పని వెతుక్కుంటూ రోజూ మాతోనే వచ్చేది; రైల్లో కిటికీలోంచి చూస్తూనే కూర్చున్న రోజులున్నాయి. చివరికి ఒక మెస్సులో కుదిరింది, తక్కువ జీతానికి. ఆట మాత్రం మానలేదు. రోజూ మా బరువుకి కంచె ఊచలు వంగిపోతుంటే, దుర్గాపూజల ముందు సంఘం వాళ్ళే తాళం తీయించారు. బోర్డు అలాగే ఉంది. చదివే తీరిక మాకు లేదు.

నిన్న పుతుల్ కూతకొస్తే అందరం కలిసి కాళ్ళు పట్టి పడేశాం. మొహం నిండా మట్టితో లేచి కూర్చుంది.

"ఇన్నాళ్ళకి పట్టు నేర్చారు" అంది.