ట్రైలర్ వెనక రుబ్బురోలు

దామోదర్ ముప్ఫై ఒక్క ఏళ్లు కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. బండిలో ఏ బరువు ఎక్కడ పెడితే అది ఎటు లాగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చెప్పలేనిది ఒకే ఒక్క మాట, "కుదరదండీ" అని. ఆ మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది, మహా మొహమాటం మనిషి.

ఆయన ఉండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్లకో అలవాటుంది. ఎవరైనా షికాగో వైపు వెళ్తున్నారని తెలిస్తే చాలు, ముందురోజు సాయంత్రానికి వాళ్ల గరాజ్‌కి పొట్లాలు చేరతాయి. ప్రతి పొట్లంతోనూ "ఎలాగూ వెళ్తున్నారుగా" అన్న మాటొకటి వస్తుంది.

2008 ఆగస్టులో దామోదర్, భార్య వసుమతి కారు వెనక ట్రైలర్ తగిలించుకుని బయల్దేరింది మనవరాల్ని దిగబెట్టడానికి. ఏడేళ్ల వేద సెలవులన్నీ వీళ్ల దగ్గరే గడిపింది. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉన్న కొడుకు ఈషాన్ పిల్లని ఫ్లైట్‌లో తీసుకురమ్మన్నాడు. ఈ వయసులో ట్రైలర్ లాగడం రిస్క్ అని గొణిగాడు కూడా. "బండి గురించి నాకు చెప్తావా" అని దామోదర్ కొట్టిపారేశాడు. ఏ చిన్న తేడా వచ్చినా వచ్చే వేసవికి పిల్లని పంపడని మాత్రం ఆయనకు తెలుసు.

బయల్దేరే ముందు అదే ఊళ్లో ఉండే పద్మనాభం వచ్చాడు, ఇద్దరు కొడుకులతో, ఒక రుబ్బురోలుతో. నల్లరాతిది, నూట ముప్ఫై పౌండ్లు. ఎప్పుడో ఓడలో తెప్పించుకున్నది.

"మా మరదలు సుధ గృహప్రవేశం చేసుకుంటోందండీ. ఎలాగూ షామ్‌బర్గే వెళ్తున్నారుగా" అన్నాడు.

అందరి పొట్లాలతో ట్రైలర్ లోపల కాలు పెట్టే చోటు లేదు. దాని వెనక, హిచ్ అనే కొక్కేనికి బిగించిన ఇనుప రాక్ ఒక్కటే ఖాళీ. అది రెండు వందల పౌండ్లు మోస్తుంది, నిజమే. కానీ ట్రైలర్ తోక మీద బరువు పెడితే కారుకి తగిలించిన ముందు కొక్కెం మీద బరువు తేలిపోతుంది, వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. ఈ సంగతి ఆయన ఎంతమందికో పాఠంలా చెప్పాడు. ఇప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. కుర్రాళ్లిద్దరూ రోలెత్తి రాక్ మీద పెడుతుంటే తనే తాళ్లు అందించాడు.

బ్యాటిల్ క్రీక్ దాటేదాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత ఒక దిగుడులో పెద్ద ట్రక్కొకటి పక్కనుంచి రివ్వున దూసుకుపోయింది. ఆ గాలికి ట్రైలర్ ఎడమకు జరిగింది. మళ్లీ కుడికి. ఈసారి కారు వెనకభాగాన్ని కూడా లాగింది.

"ఏమండీ" అంది వసుమతి, అంతే.

అద్దంలో వేద మొహం కనిపించింది. దామోదర్ చేతులు మాత్రం పాత ఇంజనీరువే. బ్రేక్ తొక్కలేదు. స్టీరింగ్ తిప్పలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకుల మీటని చేత్తో మెల్లగా నొక్కాడు. ఊపు ఇంకో రెండుసార్లు వచ్చింది, తగ్గింది, ఆగింది.

రోడ్డు పక్కన ఆపాక చూసుకుంటే చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది.

"తాతా, ట్రైలర్ డాన్స్ చేసిందా?" అంది వేద.

"చేసిందమ్మా. ఇంక చెయ్యదు" అన్నాడు. వసుమతి వెనక్కి తిరిగి పిల్ల పాదం పట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది అనిపించింది ఆయనకు.

ఆ రోలుని ముసలివాళ్లిద్దరూ కదపలేరు. నత్తనడకన నడిపి తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, అక్కడున్న క్యాంప్‌గ్రౌండ్‌కి చేరారు. యజమాని ట్రాక్టర్ తెచ్చి రోలుని దింపి, ఇదేమిటని అడిగాడు. వసుమతి పిండి రుబ్బినట్టు చెయ్యి తిప్పి చూపించింది. ఆయన చాలాసేపు ఆలోచించి, ఆఫీసు ముందు పెట్టి నీళ్లు పోస్తే పిట్టలు తాగుతాయి, ఇస్తారా అన్నాడు.

మాట ఇచ్చేముందు సుధకి ఫోన్ చేయాలి. దామోదర్ రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాడు. మూడోసారి చేసి, గడగడా జరిగిందంతా చెప్పేశాడు.



"హమ్మయ్య, మీరంతా సేఫ్‌గా ఉన్నారు అంకుల్, అది చాలు" అంది సుధ. తర్వాత గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? మాది రెండో అంతస్తులో కాండో ఫ్లాట్. ఆ రోలు ఎక్కడ పెట్టాలో తెలియక వారం నుంచి నిద్ర లేదు. బావగారికి వద్దని చెప్పలేకపోయాను. మీరూ చెప్పొద్దు ప్లీజ్."

దామోదర్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎవరికీ అక్కర్లేని రాయి కోసం మనవరాల్ని పణం పెట్టాడన్నమాట. సిగ్గేసింది, కోపమొచ్చింది, చివరికి నవ్వొచ్చింది.

"చెప్పాలమ్మా. నీ పేరు ఎత్తను, నా సంగతి నేను చెప్పుకుంటాను" అని పెట్టేసి, పద్మనాభానికి చేశాడు.

పద్మనాభం అంతా విని, పిల్ల ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. తనదే తప్పని నొచ్చుకున్నాడు. నొచ్చుకోవడం అయ్యాక అన్నాడు.

"పోనీలెండి, అక్కడే ఉంచండి. తిరుగు ప్రయాణంలో ట్రైలర్ ఖాళీయేగా. ఎలాగూ ఆ దారినే వస్తారుగా."

ఆఫీసు కిటికీలోంచి వేద రోలు చుట్టూ తిరుగుతూ కనిపిస్తోంది. ఎవరో అప్పుడే నీళ్లు పోశారు, పిల్ల చెయ్యి ముంచి చిలకరిస్తోంది. వచ్చే వేసవి కూడా ఇక్కడ ఆగి పిల్లకి దీన్ని చూపించాలి అనుకున్నాడు దామోదర్.

"కుదరదండీ" అన్నాడు.

పక్కనున్న వసుమతి తలెత్తి చూసింది. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది.