మదాం సైకిలు మీద మట్టి

ఇనుప వస్తువు కనబడితే చాలు, దసరానాడు లింబాద్రి దాన్ని కడిగి బొట్టు పెట్టేదాకా ఊరుకోడు. గునపం, పార, నీళ్ళ మోటారు, దొరగారి జీపు, ఆఖరికి నేను యానాం నుంచి మోసుకొచ్చిన కత్తిపీట. ఆ ఏడు పండగనాడు పొద్దున్నే వంటింట్లోకి వెళితే గ్యాసు సిలిండరు కుంకుమ బొట్టు పెట్టుకుని నాకేసే చూస్తోంది. బంతిపూలు ఎక్కడ దొరుకుతాయి ఆ ఎడారిలో? గోడ మీది కాగితం పూలు కోసుకొచ్చి దాని మెడకి దండ కూడా కట్టాడు మహానుభావుడు. మంట దగ్గర దండలేమిట్రా అని కేకలేశాను. నవ్వుతూ విప్పేశాడు. నా కేకలు వాడికి అలవాటే.

మేముండేది గల్ఫులో, దుబాయికి అవతల ఫుజైరాలో, వెనక కొండలు, ముందు సముద్రం. ఎతియెన్ దొరగారు అక్కడ ఓడరేవు పనిలో ఇంజినీరు, ఫ్రెంచాయన. నేను ఆయనింట్లో వంటమనిషిని. యానాంలో ఫ్రెంచి వాళ్ళ కాలంలో మా నాన్న దొరల ఇళ్ళల్లో వండేవాడు. బళ్ళో నేర్పింది ఏమైపోయిందో గాని, ఆ వంటిళ్ళలో విన్న ఫ్రెంచి మాత్రం నా నాలిక మీద నిలిచిపోయింది. దాని పుణ్యమానే ఈ ఉద్యోగం. లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. రాళ్ళ క్వారీలో పనికొచ్చి, ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుంటే, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీలంటారు, వాణ్ణి తీసుకొచ్చి ఈ ఇంట్లో తోటకీ కాపలాకీ పెట్టాడు. మనిషి మెతక. చెట్టుతోనూ మాట్లాడతాడు, జీపుతోనూ మాట్లాడతాడు.

ఇంక సైకిలు సంగతి. వసారా గోడకి ఒక సైకిలు వేలాడుతుండేది. లేత ఆకుపచ్చ రంగు, ముందు తోలు సంచి. చక్రాల పైన మడ్‌గార్డుల లోపల ఎండిన మట్టి పెళ్ళలు కట్టుకుపోయి ఉండేది. నేను పనిలో చేరిన రోజే దొరగారు చెప్పారు, ఇల్లంతా నీ ఇష్టం, దాన్ని మాత్రం ముట్టుకోవద్దని. అది ఆయన భార్య సిమోన్ మదాంది. ఆవిడ పోయాకే ఆయన ఈ దేశం వచ్చారు. ఆయన సొంత సైకిలు సామాను కొట్లో గుడ్డ కప్పుకుని పడి ఉంది. ఇక్కడికొచ్చాక ఆయన దాన్ని ఒక్కసారీ ఎక్కలేదు.

కానీ సాయంత్రమైతే మాత్రం కాఫీ పట్టుకుని మదాం సైకిలు కిందే కూర్చునేవారు. పక్కన గోడకి వాళ్ళ దేశం పటం. దాని మీద ఎర్ర పెన్సిలుతో గీసిన దారులు, వేసవి సెలవులకి భార్యాభర్తలిద్దరూ సైకిళ్ళ మీద తిరిగినవి. నేను బీన్స్ తుంచుకుంటూ గడప దగ్గర కూర్చుంటే, ఆ గీత మీద వేలు పెట్టి నాకు ఊళ్ళన్నీ చూపించేవారు. మా కోనసీమలా చదును నేల కాదట అది. ఒక మెరక ఎక్కుతారు, దిగుతారు, అంతలో ఇంకో మెరక. ఎక్కేటప్పుడు ఈయన ముందు, దిగేటప్పుడు ఆవిడ ముందు. దారికి అటూ ఇటూ ద్రాక్షతోటలు, పొద్దుతిరుగుడు చేలు, అక్రోటు చెట్లు. వెనక సామాను మీద పొడుగు రొట్టె కట్టుకుని, ఆకలేసిన చోట దిగి జున్నుతో తినేవారట. జున్నంటే మన జున్ను కాదు, వాళ్ళది వాసనొస్తుంది. ఏ ఊళ్ళో ఏం తిన్నారో ఆయనకి అన్నీ గుర్తే. వింటూ వింటూ నాకూ ఆ దారులు అలవాటైపోయాయి. ఫలానా మలుపు దగ్గర ఒక పిండిమర ఉందనీ, అది దాటితే పెద్ద ఎక్కుడు అనీ నేనే ముందు చెప్పేసేదాన్ని. ఆయన ఎంత మురిసిపోయేవారో.

ఆఖరి ఏడాది గీత మాత్రం సగంలో ఆగిపోయి ఉండేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

దసరాకి దొరగారు కంపెనీ పని మీద అబూదాబీ వెళ్ళారు. నేను పులిహోర కలుపుతున్నాను. వసారాలోంచి నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, మదాం సైకిలు నేల మీద నిలబడి తళతళా మెరిసిపోతోంది. మడ్‌గార్డులకి మట్టి అన్నది లేదు. పిడికి పసుపు, ముందు చక్రానికి నిమ్మకాయ, దీపానికి కుంకుమ. లింబాద్రి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

ముట్టుకోవద్దని వాడికి ఎన్నిసార్లు చెప్పానో! నోటికొచ్చినన్ని తిట్టాను. వాడు అన్నీ పడి, ఆఖర్న నెమ్మదిగా అన్నాడు.

"ఎట్ల ఇడిసిపెడ్దునక్కా? ఇంట్ల అన్నిటికి బొట్టువెట్టి, పోయినామె బండిని ఒక్కదాన్నే ఉత్తగ ఉంచుతరా? ఆమె ఏమనుకుంటది?"

పళ్ళు కొరుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు దొరగారు వచ్చారు. కాఫీ అందుకుని వసారాలోకి వెళ్ళారు. నేను తలుపు చాటునే ఉన్నాను. ఆయన అరవలేదు. కప్పు కింద పెట్టి, మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చి వేళ్ళతో తడిమారు. రెండోదీ తడిమారు. తర్వాత కుర్చీలో కూర్చుని అరచేతులు చూసుకుంటూ ఉండిపోయారు. కాఫీ చల్లారిపోయింది.

నేనే వెళ్ళి చెప్పాను, వాడు తెలియక చేశాడనీ, మా వాళ్ళ పండగ పద్ధతి అదనీ, మదాం మీద గౌరవంతోనేననీ. ఇనుముకి బొట్టు పెట్టడం ఏమిటో ఫ్రెంచిలో చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మట్టే కదా దొరా, అని కూడా అన్నాను పాపిష్టిదాన్ని.

"అది మట్టి కాదు నాగరత్నం. మేమిద్దరం కలిసి వెళ్ళిన ఆఖరి దారి," అన్నారాయన.

అప్పుడు చెప్పారు. ఆ ఏడు వాన పట్టుకుంది. మర దాటాక మెరక మీద ఆవిడ సైకిలు దిగి చేలోకి నడిపించుకుంటూ వెళ్ళింది. అంతకు ముందు ఎన్నిసార్లు వెళ్ళినా ఆ చేను గట్టు నిండా ఎర్రపూలు ఉండేవట. ఈసారి పూలు అయిపోయి ఎండుకాయలే మిగిలాయి. ఆవిడ ఒక్కొక్క కాయా విదిలిస్తూ, ఆ చప్పుడు వింటూ వానలో నిలబడిపోయింది. చీకటి పడకముందే ఊరు చేరాలని ఈయన విసుక్కున్నారు. ఆ రాత్రే ఆవిడకి జ్వరం తగిలింది. మర్నాడు రైల్లో ఇంటికి తెచ్చేశారు. తర్వాత ఆవిడ ఆస్పత్రి దాటి బయటికి రాలేదు. ఈయన తన సైకిలు కడుక్కున్నారు గాని, ఆవిడది కడగడానికి చెయ్యి రాలేదు. కొండలూ సముద్రాలూ దాటించి ఆ మట్టితోనే తెచ్చుకున్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాను.

ఆ రోజుతో గోడ మీది పటం దిగిపోయింది. వసారా తలుపు మూతపడింది. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. నేను వండింది ఒక మనిషి తినకుండా లేచిపోతే నాకు చెడ్డ కోపం, ఆయన మీద మాత్రం కోపం రాలేదు. లింబాద్రిని ఆయన ఒక్క మాట అనలేదు. అదే వాడికి శిక్ష అయిపోయింది. నన్ను కొట్టమను అక్కా, ఖలాస్, వాపస్ పంపమను, అంతేగాని గట్ల ఊకుంటే నాకు బువ్వ పోతలేదు, అనేవాడు. ఇద్దరు మగాళ్ళూ తిండి మానేశారు. వాళ్ళ మధ్య నేను రెండు గిన్నెలు పట్టుకుని తిరిగేదాన్ని.

చలికాలం వచ్చింది. ఒకనాడు లింబాద్రి వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి గుసగుసగా రమ్మన్నాడు. పెరట్లో సగానికి కోసిన ఇనుప డ్రమ్ములో ఒక నిమ్మ మొక్క ఉంది. దాని మొదట్లో ఏవో సన్నటి మొలకలు, రంపం పళ్ళ అంచులతో, నూగుతో. కలుపు కనబడితే పీకందే నిద్రపోని మనిషి వీటిని పీకకుండా చూపిస్తున్నాడేమిటా అనుకున్నాను.

"గిది ఈడి ఆకు గాదక్కా. మనదిక్కుది గాదు," అన్నాడు.

మరి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అంటే తల దించుకున్నాడు. పూజకి కడిగిన నీళ్ళు ఎవరూ తొక్కకూడదు కదా. అందుకని మదాం సైకిలు కడిగిన నీళ్ళూ, గీకిన మట్టీ అంతా ఇనుప తట్టలోకి పట్టి ఆ డ్రమ్ములోనే పోశాడట. ఆ మాట చెప్పడానికి కూడా ఇన్నాళ్ళూ భయపడ్డాడు వెర్రినాగన్న.

దొరగారికి అప్పుడే చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. ఉత్త గడ్డే అయితే ఆయనకి మళ్ళీ ఆశపెట్టి చంపినట్టవుతుంది. లింబాద్రి దానికి ఎండ ఎక్కువైతే గోనె కప్పేవాడు, గాలి వీస్తే అడ్డం కూర్చునేవాడు. ట్యాంకరు రాని రోజుల్లో తన తాగే నీళ్ళు పోసేవాడు. నేను చూసీ చూడనట్టు ఇంకో చెంబు పెట్టేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున మొగ్గ విచ్చింది. ఎర్రగా, కుంకుమంత ఎర్రగా, మధ్యలో నల్లమచ్చ. రేకులు ఎంత పల్చనంటే గాలి తగిలితేనే ఊగిపోతున్నాయి. నేను తడిచేతులతోనే పరుగెత్తి దొరగారి తలుపు కొట్టాను.

ఆయన వచ్చి చూశారు. పైజామాతోనే ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూలబడిపోయారు. నోట్లో ఏదో పేరు అనుకున్నారు, కోక్లికో అని. ఆ చేను గట్టు మీది ఎర్రపూలని వాళ్ళు అలా అంటారట. మా దేశంలో రైతులు దీన్ని తిట్టుకుంటూ పీకేస్తారు నాగరత్నం, అని నవ్వబోయి ఏడ్చేశారు. ఆవిడ విదిలించిన గింజలే ఇవి, నేను విసుక్కుంటుంటే ఆవిడ విదిలించిన గింజలే, అని నాతో చెప్పి, మళ్ళీ లింబాద్రితో చెప్పారు. వాడికి ఫ్రెంచి ముక్క రాదు. అయినా చేతులు కట్టుకుని తల ఊపుతూ నిలబడ్డాడు, వాడి కళ్ళ వెంటా నీళ్ళే. దొరగారు లేచి వాడి రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ రోజు ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. పటం మళ్ళీ గోడెక్కింది.

వారం తిరిగాక కొట్లో గుడ్డ తీసి తన సైకిలు బయటికి తెచ్చారు. లింబాద్రి గాలి కొట్టాడు, నేను రొట్టె కట్టిచ్చాను. మసాఫీ వైపు కొండదారి కూడా ఎక్కుడూ దిగుడేనట, అక్కడ తోటలు లేవు గాని, అని చెప్పి బయల్దేరారు. మధ్యాహ్నానికి కొండల్లో వాన దిగింది, ఆ దేశంలో ఏడాదికి ఒకటో రెండో పడే వాన. ఎండు వాగులన్నీ పారాయి. నాకు ప్రాణం నిలవలేదు. పొద్దువాలుతుండగా వచ్చారు, తల నుంచి కాలిదాకా బురద, మొహం నిండా నవ్వు.

సైకిలు గోడకి ఆనించి లోపలికి రాబోతూ ఆగారు. లింబాద్రి బకెట్టు పట్టుకుని బురద చక్రాలకేసి చూస్తూ నిలబడిపోయాడు. కడగాలో వద్దో వాడికి తెలియడంలేదు. నా వైపు చూశాడు. నేను దొరగారి వైపు చూశాను.

ఆయన చెప్పింది నేను లింబాద్రికి తెలుగులో చెప్పాను.

"కడగమంటున్నారురా. నీళ్ళు మాత్రం ఆ డ్రమ్ములోనే పొయ్యమంటున్నారు."