ఎవరో ఉంటున్న గది

"మీరిక్కడ చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నారా?" అంది తోరీనో నుంచి వచ్చినావిడ, నేను ఆమె కప్పులో కాఫీ పోస్తుంటే.

మర్యాదగానే అడిగింది పాపం. నేను నోరు తెరిచేలోపే రిసెప్షన్ బల్ల వెనక నుంచి మా ఆయన ఇవానో అందుకున్నాడు. "మా పెళ్ళైన మర్నాటి నుంచీనండీ! ఇంతవరకూ ఒక్క సెలవు అడగలేదు. ఇలాంటి పనిమనిషి దొరకడం నా అదృష్టం!"

టిఫిన్ తింటున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆవిడ నాలిక్కరుచుకుని, "అయ్యో, మీరు ఓనరు గారి భార్యా!" అంది. నేనూ నవ్వాను. చేతిలో వేడి కాఫీ కూజా ఉన్నప్పుడు నవ్వడం తప్ప ఇంకేం చేసినా ప్రమాదమే.

ఫెర్రారాలో పెద్ద చర్చి వెనక సందులో ఉంటుంది మా హోటలు. పేరు తోర్తొరా. ఇవానో వాళ్ళ తాత కొన్న పాతకాలపు ఇల్లు. మూడంతస్తులూ నిటారు మెట్లే, లిఫ్టు లేదు. "చారిత్రక కట్టడమండీ, ఒక్క ఇటుక కదిలించనివ్వరు" అని వచ్చినవాళ్ళందరికీ ఇవానో గర్వంగా చెబుతాడు. ఆ చరిత్రని రోజూ దుప్పట్ల మూటలతో ఎక్కి దిగేవి మాత్రం నా మోకాళ్ళు. ఇవానో మంచి మాటకారి. గుమ్మడికాయ పాస్తా ఎక్కడ తినాలో, కోటగోడల మీద సైకిలు ఏ వైపు నుంచి ఎక్కించాలో, మా రెండో అంతస్తు పైకప్పు దూలం మీద గీసిన దానిమ్మకాయలు ఏ కాలానివో, కథలు కథలుగా చెబుతాడు. వెళ్ళినవాళ్ళు ఇంటర్నెట్లో రాస్తారు: ఇవానో మమ్మల్ని సొంతింటికి వచ్చినట్టు చూసుకున్నాడు, ఇవానో బాదం కేకు అద్భుతం. అవన్నీ ఇవానో వంటింట్లోకి వచ్చి నాకే చదివి వినిపిస్తాడు. "చూశావా లోరే, కేకు నచ్చిందట!" అంటాడు సంబరంగా. తెల్లారకముందే లేచి బాదంపప్పు రుబ్బినదాన్ని నేను. ఆ వాక్యంలో ఏదో తప్పుందని ఒక్కసారైనా అనిపిస్తుందేమోనని అతని మొహంలోకి చూస్తాను. అనిపించదు.

పనికి ఒక మనిషిని పెట్టుకుందామని అడక్కపోలేదు. "నీ అంత శుభ్రంగా ఎవరు చేస్తారు చెప్పు? వాళ్ళకి చెప్పి చేయించుకునేసరికి నువ్వే రెండుసార్లు చేసెయ్యొచ్చు" అంటాడు. అది మెచ్చుకోలో శిక్షో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మా అత్తగారు ఆర్జియా పక్కింట్లోనే ఉంటుంది. ఈ సంగతి ఎత్తితే చాలు. "నా కాలంలో ఈ మెషీన్లున్నాయా అమ్మాయ్? ఇన్నిన్ని దుప్పట్లూ పెరట్లో తొట్టి దగ్గర ఉతికేదాన్ని. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి" అంటుంది. ఇక మాట్లాడటానికేం ఉంటుంది? ఆవిడ చలికాలం ముందు నా ఏ కాలమైనా వేసవి సెలవులే.

ఆ ఉదయం టిఫిన్లయ్యాక గిన్నెలు సర్దుతుంటే ఇవానో వంటింటి గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. ఆ గోకుడు నాకు తెలుసు.

"లోరే, మన గది ఇచ్చేశాను. మ్యూనిక్ నుంచి ఒక జంట. సాయంత్రం దిగుతారు. ఉత్సవం కదా, ఊళ్ళో ఎక్కడా ఖాళీ లేదు. పాపం, వాళ్ళని రోడ్డు మీద ఉంచుతామా?"

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడుగుతున్నాగా ఇప్పుడు!"

మన గదంటే నేనూ అతనూ పడుకునే గది. మొదటి అంతస్తులో, చర్చి గంటగోపురం కనపడే కిటికీతో ఉంటుంది. హోటలు నిండినప్పుడల్లా దాన్ని కూడా ఇచ్చేయడం ఇవానోకి అలవాటు. అప్పుడు ఇవానో పక్కింట్లో వాళ్ళమ్మ దగ్గర పడుకుంటాడు. అక్కడ అతను చిన్నప్పటి నుంచీ పడుకున్న మంచం, పరుపు, ఉతికిన దుప్పటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నేను కింద దుప్పట్లు దాచే గదిలో, బాయిలరు పక్కన, మడత మంచం వేసుకుంటాను. "పొద్దున్నే బ్రెడ్డు వాడొచ్చి గంట కొడతాడు కదా, నీకు దగ్గరగా ఉంటుంది" అని మొదటిసారి ఇవానోయే చెప్పాడు, నాకేదో సౌకర్యం కలిగిస్తున్నట్టు. మా అమ్మాయి మార్జియా బొలోన్యాలో చదువుకోవడానికి వెళ్ళిన నెలలోనే దాని గది హోటలు గదైపోయింది. ఇప్పుడది సెలవులకి వచ్చేముందు ఫోను చేసి, "అమ్మా, ఏ గదిలో ఉండమంటావు?" అని అడుగుతుంది. కన్నకూతురు కూడా బుకింగ్ చేసుకుని రావలసిన ఇల్లు మాది.

"ఇంకోటి," అన్నాడు ఇవానో, వెళ్తూ వెళ్తూ ఆగి. "పోయినసారి ఆ గది తీసుకున్నవాళ్ళు గొడవ చేశారు. స్నానాలగది సొరుగులో నీ తలపిన్ను దొరికిందట. దిండు కింద వెంట్రుక కూడా ఉందట. ఎవరో ఉంటున్న గది మాకిచ్చారు అని రాసిపారేశారు. నాకెంత తలవంపులో తెలుసా? ఈసారి కాస్త జాగ్రత్తగా చూడు."

తలవంపులు అతనికట. స్పాంజి పిండాను.

మధ్యాహ్నం దాకా మిగతా గదులయ్యాయి. ఆఖరున మా గదికి వెళ్ళాను. బీరువాలో బట్టలన్నీ తీసి పెద్ద నీలం సంచుల్లో కుక్కాను. రాత్రి వేసుకునే గౌను, చెప్పులు, సగం చదివిన పుస్తకం, కళ్ళజోడు, మోకాళ్ళకి రాసుకునే మందు, గోడ మీద మార్జియా ఫొటో. ఇవానో వస్తువులు వాళ్ళమ్మ ఇంట్లో ఎప్పుడూ రెండో జత ఉంటాయి, అతనికి సర్దుకోవలసిందేం లేదు. తర్వాత పరుపు మీద నా వెంట్రుకల కోసం వెతకడం మొదలుపెట్టాను. మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డతో మంచం కింద నేలంతా తుడిచాను. స్నానాలగది జల్లెడలోంచి వేలితో వెంట్రుకలు లాగాను. నెరిసినవీ నల్లవీ కలిసిన చిన్న ఉండ వచ్చింది. అద్దం మీద నా వేలిముద్రలు, తలుపు పిడి మీద నా చేతి మరక తుడిచాను. గదిలో నా ఒంటి వాసన పోవడానికి కిటికీ తలుపులు బార్లా తీసి నిమ్మ వాసన మందు చల్లాను. మా ఊళ్ళో హత్య చేసినవాడు కూడా ఇంత శ్రద్ధగా ఆనవాళ్ళు చెరిపి ఉండడు. తేడా ఒకటే, ఇక్కడ చెరుపుతున్నదీ నేనే, చెరిగిపోతున్నదీ నేనే.

ఎవరో ఉంటున్న గది. వాళ్ళ ఫిర్యాదు అదీ. చేతిలోని వెంట్రుకల ఉండని చూస్తూ ఆ మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. అబద్ధమేం రాయలేదు వాళ్ళు. ఎవరో ఉంటున్నారు. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఒక్క పూట బస చేసి వెళ్ళిన పరాయివాళ్ళు కనిపెట్టారు. నాకు ఏడుపు రాలేదు. విసుగొచ్చింది. దుమ్ము పట్టిన తెరని దులిపినప్పుడు అదంతా ముక్కుల్లోకి, కళ్ళల్లోకి వచ్చేసినట్టు ఇన్నేళ్ళ విసుగూ ఒక్కసారి వచ్చేసింది. ఈ విసుగు మోసుకుంటూ మళ్ళీ ఆ బాయిలరు పక్కకి వెళ్ళి పడుకోవడం నావల్ల కాదనిపించింది. నావల్ల కాదు అంతే.

లేచి తలుపు గడియ పెట్టాను. నీలం సంచుల్లోంచి గౌను తీసి వేసుకున్నాను. మార్జియా ఫొటో గోడకి తగిలించాను. ఉతికి ఇస్త్రీ చేసిన కొత్త దుప్పటి మీద, అతిథుల కోసం పెట్టిన మెత్తటి దిండు మీద తల వాల్చి పడుకున్నాను. పగటిపూట ఆ కిటికీలోంచి వచ్చే వెలుతురు ఎలా ఉంటుందో నాకసలు తెలియదు. గంటగోపురం రాళ్ళ మీద ఎండ పడి గులాబీరంగు గదిలోకి వస్తోంది. ఎంత బాగుందో. ఇంత బాగున్న గదిని వాళ్ళకెందుకిస్తాం?

సాయంత్రం సందులో చక్రాల పెట్టెల చప్పుడు, ఇవానో నవ్వు వినిపించాయి. మెట్లెక్కుతూ దూలాల కథ మొదలుపెట్టాడు. పిడి తిప్పాడు. తలుపు రాలేదు.

"లోరే? లోపలున్నావా? ఇంకా అవ్వలేదా?"

"అయింది. పడుకున్నాను."

పిడి ఇంకోసారి తిప్పి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒంట్లో బాలేదా? సరే, కింద పడుకుందువు, రా. వాళ్ళొచ్చేశారు, నా పక్కనే ఉన్నారు" అన్నాడు.

"ఒంట్లో బాగానే ఉంది. నేను రాను. ఈ గది ఇవ్వను."

"ఇవ్వనంటే? వాళ్ళనేం చెయ్యను?"

"మీ అమ్మగారింట్లో మంచం ఉందిగా, అక్కడికి పంపించు."

"అది నా మంచం!" అన్నాడు ఇవానో, నిజంగా ఆశ్చర్యపోతూ.

"ఇది నాది" అన్నాను.

అతను తలుపు మీద చిన్నగా కొట్టాడు, తర్వాత గట్టిగా కొట్టాడు, వాళ్ళకేదో జర్మన్‌లో చెప్పి నవ్వాడు, మళ్ళీ కొట్టాడు. "పరువు తీస్తున్నావు. పొద్దున్న జోకుకా ఇదంతా? జోకుని జోకుగా తీసుకోవడం నీకెప్పుడూ రాదు. అసలు నీకేం కావాలో చెప్పు!"

"ముందు ఆ తలుపు కొట్టడం ఆపు."

ఆపాడు. పెట్టెలు మళ్ళీ మెట్లు దిగాయి. ఇవానో పంపించగా కాసేపటికి అత్తగారొచ్చింది. కర్ర చప్పుడు తలుపు దగ్గర ఆగింది.

"ఏంటీ వేషాలు అమ్మాయ్? ముక్కూమొహం తెలియని వాళ్ళని నా ఇంట్లో దింపాడు వాడు. ఆ మనిషి నా వంటింట్లో చెప్పులేసుకుని తిరుగుతున్నాడు. నీకేమో ఇక్కడ రాణీగారి నిద్రా?"

"అవునత్తయ్యా."

"ఆ మడత మంచం మీద నేనూ పడుకున్నాను. వాడు కడుపులో ఉన్నప్పుడు కూడా పడుకున్నాను. మీ మామగారు ఈ గదీ ఇచ్చేవాడు, నా వంటిల్లు కూడా ఇచ్చేవాడేమో ఎవరైనా అడిగితే. నేనేమన్నా ఏడ్చానా?"

మంచం మీద లేచి కూర్చున్నాను. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. చలికాలాలు చెప్పింది, తొట్టి చెప్పింది, ఇది చెప్పలేదు.

"ఏడవలేదా?" అని అడిగాను.

తలుపవతల ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. తర్వాత కర్ర మెట్టు మెట్టుకీ ఆనించుకుంటూ దిగిపోయింది.

నేను నిద్రపోయాను. పెళ్ళయ్యాక అంత ఒళ్ళు తెలియని నిద్ర ఎరగను. తెల్లవారి బ్రెడ్డు వాడు గంట కొట్టడం వినిపించింది, వినిపించి మళ్ళీ నిద్రపోయాను.

తలుపు తీసేసరికి ఇవానో ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతిలో కాఫీ కప్పు, సాసరు లేదు. మెడ ఒక పక్కకి వంగి ఉంది.

"ఆ మడత మంచానికి నడుమ ఇనప కడ్డీ ఉంది. వీపులో దిగబడుతోంది. ఎప్పుడూ చెప్పలేదేం?"

"ప్రతిసారీ చెప్పాను."

"ఏమో, ఇలా ఉంటుందని చెప్పలేదు," అన్నాడు. తర్వాత బతిమాలుతున్న గొంతుతో, "సరే, అయిందేదో అయింది. కిందకి రా. అందరూ కూర్చునున్నారు. పాలు పొంగిపోయాయి. టిఫిన్లు నావల్ల కావట్లేదు" అన్నాడు.

కాఫీ తాగాను. చేదుగా ఉంది, అయినా పూర్తిగా తాగాను. "వస్తాను. కానీ ఈ గది ఇక ఎవరికీ ఇవ్వడం లేదు. మార్జియా గది కూడా దానికి తిరిగి వచ్చేస్తుంది. గదులు శుభ్రం చెయ్యడానికి మనిషిని మాట్లాడు. ఆ మనిషి వచ్చేదాకా పై అంతస్తు నువ్వు చెయ్యి" అన్నాను.

"లోరే, నేనా? దుప్పట్లా?" నవ్వబోయాడు. నేను నవ్వలేదు. అతని నవ్వు దారిలో ఎక్కడో ఆగిపోయింది. "రిసెప్షన్ ఎవరు చూస్తారు మరి?"

"గంట పెట్టు బల్ల మీద. కావలసినవాళ్ళు కొడతారు."

బట్టలు మార్చుకుని దిగాను. భోజనాల గదివైపు వెళ్ళకుండా ముందు దుప్పట్ల గదిలోకి వెళ్ళాను. మంచం తెరిచే ఉంది, ఇవానో దాన్ని మడిచి కూడా పెట్టలేదు. మడిచాను. తుప్పు పట్టిన కాళ్ళు నేల మీద గీసుకుంటూ, ఈడ్చుకుంటూ వెనక గుమ్మందాకా తెచ్చాను. మునిసిపాలిటీ బండి పాతసామాన్లు ఎత్తే చోటు సందు చివర ఉంది. గుమ్మం గడప దగ్గర మంచం ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాదు. లోపల నుంచి ఇవానో గొంతు, "లోరే, చక్కెర ఎక్కడుంది?" అని రెండుసార్లు వినిపించింది.

పక్కింటి తలుపు తెరుచుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి నన్నూ మంచాన్నీ చూసింది. ఇప్పుడొక ఉపన్యాసం వినాలి కాబోలనుకుని తల దించుకుని లాగుతూనే ఉన్నాను. ఆవిడ కర్ర గోడకి ఆనించింది. మెల్లగా వచ్చి మంచం అవతలి కొస పట్టుకుని, గడప మీద నుంచి దాటించింది. ఇద్దరం సందులోకి మోసుకొచ్చాం. రాళ్ళ దారి మీద ఆవిడ ఒక్కో అడుగే వేస్తోంది. సైకిలు మీద వెళ్తున్న ఎవరో మా కోసం పక్కకి జరిగారు.

"అటు నీ వైపు కాస్త పైకెత్తు అమ్మాయ్," అంది అత్తగారు విసుగ్గా, ఆయాసపడుతూ. "ముసలిదాన్ని, బరువంతా నా మీదే పడేస్తున్నావు."

పైకెత్తాను.